ఎదుటివాడి గడియారంలో మన ఆలోచన: చదరంగ యంత్రాల చరిత్రలో ఒక పరీక్ష



సూరత్ నుంచి భరూచ్ వైపు వెళ్ళే రైలు మార్గంలో కిమ్ అని ఒక ఊరు ఉంది. పేరు చిన్నది, ఊరూ పెద్దదేం కాదు. చుట్టుపక్కల మరమగ్గాల షెడ్లు ఉన్నాయి. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి సూరత్ వైపు బతుకుతెరువుకు వెళ్ళిన మన పద్మశాలి కుటుంబాల గురించి మీరు వినే ఉంటారు. అలాంటి కుటుంబం ఒకటి కిమ్‌లో స్థిరపడింది. కొన్నేళ్ళ క్రితం నేను ఆ వైపు వెళ్ళినప్పుడు, ఆ ఇంట్లో పదకొండో తరగతి చదువుతున్న కుర్రవాడు నన్నొక ప్రశ్న అడిగాడు. ఈ పాఠం ఆ ప్రశ్న నుంచే పుట్టింది.

"సార్, నేను ఎత్తు ఆలోచిస్తుంటే కంప్యూటర్ కూడా నా టైములోనే ఆలోచిస్తుంది. అది మోసం కాదా?" అన్నాడు. మోసం కాదని చెప్పాను. అప్పుడు రెండో ప్రశ్న వేశాడు: "మరి దానివల్ల దాని బలం నిజంగా పెరుగుతుందా?" పెరుగుతుందనే తాను నమ్ముతున్నాడట, పరీక్ష కూడా చేసి చూశాడట. తన పాత కంప్యూటర్లో ఒకే చదరంగం ప్రోగ్రాము రెండు ప్రతులను ఒకదానితో ఒకటి ఆడించాడు. ఒకదానికి ఎదుటివాడి సమయంలో ఆలోచించే వీలు ఇచ్చాడు, రెండోదానికి ఇవ్వలేదు. ఇరవై ఆటల్లో మొదటిదానికి పద్నాలుగు పాయింట్లు వచ్చాయి. "చూశారా సార్!" అన్నాడు.

ఫలితం చూస్తే ముచ్చటగానే ఉంది. కానీ ఆ పరీక్షలో ఒక పెద్ద లోపం ఉంది. అదేమిటో ఇప్పుడే చెప్పను. ముందు ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. ఈలోగా లోపం ఎక్కడుందో మీరూ వెతకండి.

పూర్వం చదరంగానికి గడియారం లేదు. ఒక్కో ఎత్తుకు గంటల తరబడి కూర్చునే ఆటగాళ్ళుండేవారు. ఎదుటివాడు విసిగి ఓడిపోవడం కూడా ఒక గెలుపు మార్గమే! 1861లో ఆండర్సన్, కోలిష్ మధ్య జరిగిన పోటీలో ఇసుక గడియారాలు వాడారు. 1883 లండన్ టోర్నమెంటులో జంట గడియారాలు వచ్చాయి. మాంచెస్టర్‌కు చెందిన థామస్ బ్రైట్ విల్సన్ రూపొందించిన ఏర్పాటు అది. రెండు గడియారాలను ఒక ఊగే పట్టీ మీద ఉంచారు. ఒకదాన్ని వాలిస్తే అది ఆగుతుంది, రెండోది నడుస్తుంది. అంటే ఎవరి సమయం వారిదే, ఎవరి ఖర్చు వారి ఖాతాలోనే.

ఇక్కడొక చిత్రం ఉంది. గడియారం సమయాన్ని రెండుగా విడదీసింది కాని, ఆలోచనను విడదీయలేకపోయింది. ఎదుటివాడి గడియారం నడుస్తున్నంతసేపూ బల్ల దగ్గరున్న మనిషి తల ఖాళీగా ఉండదు. అనుభవజ్ఞులు దీనికి ఒక పద్ధతి చెబుతారు. మన గడియారం నడుస్తున్నప్పుడు ఎత్తులను లెక్క కట్టాలి. ఎదుటివాడి గడియారం నడుస్తున్నప్పుడు లెక్కలు వదిలేసి, ఎవరి రాజు భద్రంగా ఉన్నాడు, ఏ గుర్రం పనికిరాని గడిలో చిక్కుకుంది వంటి సాధారణ విషయాలు చూసుకోవాలి. మనిషికి ఇది మంచి సలహా. ఎదుటివాడు ఏ ఎత్తు వేస్తాడో తెలియకుండా లెక్క కట్టడం అలసట తప్ప మరేమీ మిగల్చదు.

కంప్యూటరు సంగతి వేరు. దానికి అలసట లేదు. సాధారణ విషయాల మీద తీరిగ్గా మథనపడే అలవాటూ లేదు. దానికి తెలిసిందల్లా లెక్క కట్టడమే. 1949లో అమెరికన్ శాస్త్రవేత్త క్లాడ్ షానన్ చదరంగ యంత్రం ఎలా ఉండాలో వివరిస్తూ ఒక పత్రం సమర్పించాడు. మరుసటి ఏడాది అది అచ్చయింది. నేను ఈ ఎత్తు వేస్తే అతను ఏం వేస్తాడు, దానికి నేనేం వేయాలి అంటూ కొమ్మలు, ఉపకొమ్మలుగా విస్తరించే వృక్షాన్ని యంత్రం పరిశీలించాలి. కొంత లోతుకు వెళ్ళాక ఆగి, అక్కడి స్థితికి ఒక విలువ కట్టాలి. ఆ తరవాత యాభై ఏళ్ళ చదరంగ యంత్రాలన్నీ స్థూలంగా ఈ దారిలోనే నడిచాయి. సగటున ఒక స్థితిలో వేయదగిన ఎత్తులు 35 వరకు ఉంటాయి. కనుక ఒక్కో మెట్టు లోతుకు పని 35 రెట్లు పెరగాలి. అనవసరమైన కొమ్మలను కత్తిరించే ఆల్ఫా-బీటా పద్ధతి బాగా పనిచేస్తే, అది 35కు వర్గమూలం దాకా, అంటే సుమారు ఆరు రెట్ల దాకా తగ్గుతుంది. ఈ ఆరును గుర్తుంచుకోండి, తరవాత పని పడుతుంది.

ఇలా వెతికి యంత్రం ఒక ఎత్తును ఎంచుకున్నప్పుడు, ఆ ఎత్తుతోపాటు మరొకటి కూడా దాని చేతికి వస్తుంది. ఈ ఎత్తుకు ఎదుటివాడి అత్యుత్తమ జవాబు ఇది, దానికి నా జవాబు అది అంటూ ఒక వరస తయారవుతుంది. అందులో రెండోది ఎదుటివాడు వేయగల ఎత్తు మీద యంత్రం వేసుకున్న అంచనా. దీనికి అదనపు శ్రమేమీ లేదు, వెతుకులాటలో ఊరికే దొరికిందే. పాత చదరంగ యంత్రాల్లో "హింట్" మీట నొక్కితే కనబడే సలహా తరచుగా ఇదే. యంత్రం తన మనసులో మీ తరఫున వేసుకున్న ఎత్తును మీకు చూపిస్తుందన్నమాట. 2000 సంవత్సరాంతంలో వచ్చిన యూసీఐ అనే ఒడంబడికలో ఇది చాలా స్పష్టంగా కనిపిస్తుంది. ప్రోగ్రాము తన ఎత్తు చెబుతూ, పక్కనే "పాండర్" అన్న మాట రాసి అంచనా ఎత్తును కూడా పంపుతుంది. అంచనా నిజమైతే "పాండర్‌హిట్" అని దానికి కబురు వస్తుంది. ఎదుటివాడి సమయంలో ఆలోచించడాన్ని పాండరింగ్ అంటారు. కొన్ని యంత్రాల పెట్టెల మీద దీన్నే పర్మనెంట్ బ్రెయిన్ అని గొప్పగా వేసుకునేవారు. శాశ్వతమైన మెదడు! అమ్మకాలవాళ్ళ పేర్లు ఎప్పుడూ ఇలాగే ఉంటాయి.

ఆ కుర్రవాడికి ఇది చెబుతుంటే, పక్కన కూర్చున్న వాళ్ళ నాయనమ్మ కల్పించుకుంది. "గిదేం కొత్త బిడ్డా, కండెలు సుట్టుడే గద" అంది. నాకు మొదట అర్థం కాలేదు. తరవాత ఆలోచిస్తే అంతకంటే మంచి ఉపమానం దొరకదనిపించింది. చేతిమగ్గం ఉన్న ఇంట్లో మగ్గం మీద ఒకరు నేస్తుంటే, రాట్నం దగ్గర మరొకరు కూర్చుని కండెలు చుడతారు. నాడెలో కండె అయిపోయేసరికి తరవాతి కండె సిద్ధంగా ఉండాలి. ఏ రంగు కావలసి వస్తుందో చుట్టేవారు ముందే ఊహించి చుడతారు. ఊహ నిజమైతే మగ్గం ఆగదు. తప్పితే అప్పటికప్పుడు వేరే రంగు చుట్టాలి. అయితే తప్పిన కండెను ఎవరూ పారేయరు. బుట్టలో పడేస్తారు, ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది.

కంప్యూటరు దగ్గరా అచ్చంగా ఇదే జరుగుతుంది. అంచనా నిజమైతే అప్పటిదాకా చేసిన లెక్కంతా దాని సొంతం. ఇక రెండు దారులున్నాయి. వెంటనే ఎత్తు వేసేసి తన సమయం మిగుల్చుకోవచ్చు, లేదా ఇంకాస్త లోతుకు వెళ్ళవచ్చు. అంచనా తప్పితే మళ్ళీ మొదటి నుంచి వెతకాలి. అయినా చేసిన పని పూర్తిగా వృథా కాదు. ఒకసారి చూసిన స్థితుల విలువలను దాచుకునే హ్యాష్ టేబుల్ అనే పట్టిక ప్రోగ్రాముల్లో ఉంటుంది. అదే మన కండెల బుట్ట. వేర్వేరు ఎత్తుల వరసలు ఒకే స్థితికి చేరడం చదరంగంలో మామూలే కనుక, పాత కండెల్లో కొన్ని మళ్ళీ నాడెలోకి ఎక్కుతాయి.

ఇక్కడ తెలివైన విద్యార్థి ఒక ప్రశ్న వేయాలి. ఒక్క ఎత్తునే ఊహించి కూర్చోవడమెందుకు? ఎదుటివాడు వేయగల ఎత్తులన్నిటికీ జవాబులు సిద్ధం చేసుకోవచ్చు కదా? లెక్క కట్టి చూద్దాం. ఎదుటివాడు మూడు నిమిషాలు ఆలోచిస్తాడనుకోండి. 35 ఎత్తులకు పంచితే ఒక్కోదానికి సుమారు అయిదు సెకన్లే వస్తాయి. మూడు నిమిషాల సొంత ఆలోచనకు ఈ అయిదు సెకన్లు ఏ మూలకు? పోనీ బాగా అవకాశమున్న మూడు ఎత్తులకే పంచితే? ఆ మూడింట్లో ఒకటి పడే అవకాశం నూటికి 80 అనుకుందాం. అప్పుడు యంత్రానికి మొత్తం మీద నాలుగు నిమిషాల ఆలోచన దక్కుతుంది, అదీ నూటికి 80 సార్లు. ఒక్క ఎత్తునే నమ్ముకుంటే, అది నిజమయ్యే అవకాశం నూటికి 50 అయినా, నిజమైనప్పుడు ఆరు నిమిషాలు దక్కుతాయి. ఏది మేలు? దీనికి జవాబు చెప్పాలంటే, సమయం పెరిగితే బలం ఎంత పెరుగుతుందో తెలియాలి. ఆ ప్రశ్నతో మన కథ అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌కు వెళుతుంది.

యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకడైన కెన్ థాంప్సన్, తన సహచరుడు జో కాండన్‌తో కలిసి బెల్ అనే చదరంగ యంత్రం కట్టాడు. 1980లో ఆస్ట్రియాలోని లింజ్‌లో అది కంప్యూటర్ల ప్రపంచ విజేత అయింది. ఆ రోజుల్లోనే థాంప్సన్ ఒక చక్కని పని చేశాడు. ఆ యంత్రాన్ని దానితోనే ఆడించాడు. ఒక పక్షానికి ఒక మెట్టు ఎక్కువ లోతు చూసే వీలిచ్చాడు. 1980ల తొలి ఏళ్ళలో వెలువడిన ఫలితాలను బట్టి, ఒక్కో మెట్టు అదనపు లోతుకు సగటున 200 పైచిలుకు ఎలో పాయింట్ల బలం పెరిగింది. ఎలో అంటే చదరంగ క్రీడాకారుల బలాన్ని కొలిచే అంకె. ఇద్దరి మధ్య 100 పాయింట్ల తేడా ఉంటే బలవంతుడికి నూటికి 64 పాయింట్లు వస్తాయని దాని సూత్రం చెబుతుంది.

ఇప్పుడు ఇందాకటి ఆరును బయటికి తీయండి. ఒక మెట్టుకు ఆరు రెట్ల సమయం కావాలి. ఆరు రెట్లంటే రెండున్నర సార్లు రెట్టింపు చేయడం కంటే కాస్త ఎక్కువ. 200ను దానితో భాగిస్తే, సమయం రెట్టింపయినప్పుడల్లా 75 పాయింట్ల పైన బలం పెరగాలని తేలుతుంది. లోతు పెరిగేకొద్దీ ఈ లాభం తగ్గుతుంది. ఆరో మెట్టు నుంచి ఏడో మెట్టుకు వెళితే వచ్చిన మేలు, ఇరవయ్యో మెట్టు నుంచి ఇరవై ఒకటికి వెళితే రాదు. అందుకని జాగ్రత్తగా 60 పాయింట్లు అనుకుందాం.

ఒకే ఎత్తును ఊహించే యంత్రానికి సగం ఎత్తుల్లో సమయం రెట్టింపు దక్కుతుంది. 60లో సగం, అంటే 30 పాయింట్లు. మూడు ఎత్తులకు పంచే యంత్రానికి సమయం మూడింట ఒక వంతు మాత్రమే పెరుగుతుంది. సంవర్గమానాల లెక్క ప్రకారం అది 25 పాయింట్లు. అదీ నూటికి 80 సార్లే కనుక 20 మిగులుతుంది. 35 ఎత్తులకు పంచే యంత్రానికి దక్కేది రెండు మూడు పాయింట్లు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఒక్క ఎత్తునే ఎందుకు నమ్ముకుంటారో ఇప్పుడు తెలిసింది కదా.

క్రే సూపర్ కంప్యూటర్ మీద నడిచిన క్రే బ్లిట్జ్ ప్రోగ్రాము 1983లోనూ 1986లోనూ ప్రపంచ విజేత. దాని ప్రధాన రచయిత రాబర్ట్ హయట్, సమయాన్ని తెలివిగా ఖర్చు చేయడం ఎలా అన్న దాని మీదే 1984లో ఒక వ్యాసం రాశాడు. యంత్రం వేగం పెంచడానికి లక్షల డాలర్లు పోస్తున్న కాలమది. ఉన్న సమయాన్ని సర్దుకోవడం కూడా వేగంతో సమానమేనని ఆ రంగంలోని వాళ్ళకు అప్పటికే అర్థమైంది. ఎదుటివాడి సమయమంటే మరి, ఉచితంగా వచ్చిన సమయం!

ఈ చరిత్రలో మన ప్రాంతానికి దగ్గరైన అధ్యాయం పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జరిగింది. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, మద్రాసు గిండీలో ఇంజనీరింగ్ చదివి, స్టాన్‌ఫర్డ్‌లో 1966లో డాక్టరేటు పొందిన రాజ్ రెడ్డి అక్కడి ఆచార్యుడు, రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టరు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. మన రాష్ట్రంలో 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ద్వారా ఆయన పేరు మీలో చాలామందికి తెలిసి ఉంటుంది. ఆయన పరిశోధన మాటలను గుర్తించే యంత్రాల మీద. చదరంగ యంత్రాన్ని ఆయన కట్టలేదు. కానీ 1988లో అమెరికా కృత్రిమ మేధ సంఘం అధ్యక్షుడిగా చేసిన ప్రసంగంలో ఆ రంగం ముందున్న మహా సవాళ్ళను చెబుతూ, ప్రపంచ విజేతను ఓడించే చదరంగ యంత్రాన్ని కూడా వాటిలో చేర్చారు. అప్పటికి ఆ విశ్వవిద్యాలయంలోనే రెండు జట్లు ఆ పనిలో ఉన్నాయి. హాన్స్ బెర్లినర్ జట్టుది హైటెక్. ఫెంగ్-షియుంగ్ షు, థామస్ అనంతరామన్, ముర్రే కాంప్‌బెల్ తదితర విద్యార్థుల జట్టుది డీప్ థాట్. అదే ఏడాది నవంబరులో డీప్ థాట్ డెన్మార్క్ గ్రాండ్‌మాస్టర్ బెంట్ లార్సెన్‌ను ఓడించింది.

ఈ జట్టులో అనంతరామన్ పనిని మన విషయానికి ప్రత్యేకంగా గుర్తు చేసుకోవాలి. వారణాసిలో ఇంజనీరింగ్ చదివి వెళ్ళిన ఆయన 1990లో సమర్పించిన సిద్ధాంత గ్రంథం, చదరంగ యంత్రాల వెతుకులాట పద్ధతుల మీద గణాంక పరిశీలన. ప్రోగ్రాములో ఒక మార్పు చేశాం, అది నిజంగా మేలు చేసిందా అన్నది ఎలా తేల్చాలి? నాలుగు ఆటలు గెలిచింది కనుక మేలు చేసిందనడం ఎంతవరకు సబబు? యంత్రం కట్టినవాళ్ళకు యంత్రం మీద ఉండే మమకారం సంగతి మీకు తెలుసు. కిమ్‌లోని మన కుర్రవాడి "చూశారా సార్" అన్నదీ ఆ మమకారమే. దాన్ని పక్కన పెట్టి అంకెలను నిలదీయడం ఒక పరిశోధనాంశం కావడం నాకు యంత్రం గెలుపుకంటే విలువైనదిగా తోస్తుంది.

షు, కాంప్‌బెల్ తరవాత ఐబీఎంలో చేరి డీప్ బ్లూ నిర్మించారు. 1996 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో గ్యారీ కాస్పరోవ్ దాన్ని 4-2 తేడాతో ఓడించాడు. 1997 మే నెలలో న్యూయార్క్‌లో అది 3.5-2.5 తేడాతో గెలిచింది. మొదటి 40 ఎత్తులకు ఒక్కొక్కరికి రెండు గంటలు, అంటే ఎత్తుకు సగటున మూడు నిమిషాలు. రెండో పోటీలో సెకనుకు పది కోట్లకు పైగా స్థితులను పరిశీలించిన యంత్రమది. కాస్పరోవ్ తల పట్టుకుని కూర్చున్న మూడు నిమిషాలూ అలాంటి యంత్రానికి అందితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. ప్రపంచ విజేతను ఓడించే యంత్రానికి ప్రకటించిన లక్ష డాలర్ల ఫ్రెడ్కిన్ బహుమతిని ఆ ఏడాదే షు, కాంప్‌బెల్, జోసెఫ్ హోన్ అందుకున్నారు. దాన్ని నిర్వహించింది కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమే.

సరే, 30 పాయింట్లని కాగితం మీద తేల్చాం. ఆచరణలో అంత వస్తుందా? ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మొదటిది నాకు చాలా ఇష్టమైనది. ఎదుటివాడు మీ ఏనుగును చంపాడు, మీరు తిరిగి చంపక తప్పదు. అలాంటి చోట మీ ఎత్తును యంత్రం నూటికి నూరుపాళ్ళు ఊహిస్తుంది. కానీ మీరు దానికి రెండు సెకన్లు కూడా తీసుకోరు, కనుక యంత్రానికి దొరికేదేమీ లేదు. అదే స్థితి చిక్కుగా ఉంటే మీరు పది నిమిషాలు కూర్చుంటారు. యంత్రానికి పది నిమిషాలు దొరికాయి, కానీ ఏ ఎత్తు వేస్తారో ఊహించడం కష్టం. ఊహ సులువైన చోట సమయం తక్కువ, సమయం దొరికిన చోట ఊహ కష్టం. కాబట్టి నూటికి ఎన్ని ఊహలు నిజమయ్యాయని లెక్క పెడితే చాలదు. నిజమైన ఊహల కింద ఎన్ని నిమిషాలు దక్కాయో చూడాలి.

రెండో చిక్కు ఆ కుర్రవాడు చేసినటువంటి పరీక్షల్లో వస్తుంది. ఒకే ప్రోగ్రాము తన ప్రతితో తాను ఆడితే, ఎదుటివాడి మనసు దానికి బాగా తెలుసు. ఇద్దరూ ఒకే తీరుగా విలువ కడతారు కనుక ఊహలు ఎక్కువగా ఫలిస్తాయి. వేరే ప్రోగ్రాముతో ఆడితే తగ్గుతాయి. మనుషులతో, అందులోనూ యంత్రాలను తికమక పెట్టడానికే వింత ఎత్తులు వేసే మనుషులతో ఆడితే ఇంకా తగ్గుతాయి. కనుక తనతో తాను ఆడిన పరీక్ష పాండరింగ్ లాభాన్ని పెంచి చూపిస్తుంది.

ఇక ఆ కుర్రవాడి పరీక్షలో అసలు లోపం. కనిపెట్టారా? అతని కంప్యూటరు పాతది, ఒకే కోరు ఉన్న ప్రాసెసరు. రెండు ప్రోగ్రాములూ దాని మీదే నడుస్తున్నాయి. పాండరింగ్ చేసే ప్రోగ్రామును 'క' అందాం, చేయనిదాన్ని 'గ' అందాం. 'క' ఆలోచిస్తున్నప్పుడు 'గ' నిద్రపోతుంది, ప్రాసెసరు మొత్తం 'క'దే. 'గ' వంతు వచ్చినప్పుడు 'క' కూడా ఆలోచిస్తూనే ఉంటుంది. ప్రాసెసరును ఇద్దరూ చెరిసగం పంచుకోవాలి. గడియారం మాత్రం 'గ' పేరు మీదే పూర్తిగా నడుస్తోంది. అంటే 'క' ఊహలన్నీ తప్పినా, దాని ఆలోచనలో పస లేకపోయినా, 'గ' సమయంలో సగం మింగేస్తోంది. 'క' తన బలం పెంచుకోవడం ఒకటి, 'గ' బలాన్ని సగం చేయడం మరొకటి. పరీక్షలో ఈ రెండూ కలిసిపోయాయి. నాయనమ్మ భాషలో చెప్పాలంటే, నేసేవాళ్ళ చేతులనే లాక్కెళ్ళి రాట్నం తిప్పించినట్టు.

ఈ లోపం పెద్దవాళ్ళకూ తెలిసిందే. 1980ల నుంచి చదరంగ ప్రోగ్రాములకు బలాల పట్టిక తయారుచేస్తూ వచ్చిన స్వీడన్ సంఘం ఎస్‌ఎస్‌డీఎఫ్ సభ్యులు రెండు వేర్వేరు కంప్యూటర్లు పెట్టి, వాటిని అనుసంధానించి, పాండరింగ్‌తో సహా ఆడించేవారు. మనిషికి రెండు కంప్యూటర్లంటే ఆ రోజుల్లో మాటలు కాదు. 2000ల మధ్యలో మొదలైన సీసీఆర్‌ఎల్ అనే పట్టికవాళ్ళు మరో దారి పట్టారు. పాండరింగును అందరికీ ఆపేసి, ఒకే కంప్యూటర్ మీద ఆటలు నడిపించారు. 2013లో మొదలైన స్టాక్‌ఫిష్ ప్రోగ్రాము పరీక్షా వేదికలోనూ అంతే. అక్కడ ప్రపంచం నలుమూలల నుంచి స్వచ్ఛందంగా ఇచ్చిన కంప్యూటర్ల మీద ఒక్కో చిన్న మార్పుకు వేల ఆటలు ఆడిస్తారు, పాండరింగ్ ఉండదు. అందులో న్యాయం ఉంది. పాండరింగ్ పెడితే ఒక ఆటకు రెండింతల ప్రాసెసరు కావాలి. ఆ ఖర్చుతో రెండు ఆటలు ఆడించవచ్చు. మార్పు మంచిదో కాదో తేల్చడానికి ఆటల సంఖ్యే ముఖ్యం.

ఆ మాట మీదే కాసేపు ఆగుదాం. 30 నుంచి 35 పాయింట్ల బలం అంటే నూటికి 54 లేక 55 పాయింట్లు రావడం. వంద ఆటలాడితే 55-45. దీన్ని నమ్మవచ్చా? చదరంగంలో డ్రాలు కూడా ఉంటాయి కనుక, ఒక ఆట ఫలితంలోని చెదురును 0.4 పాయింట్లుగా తీసుకోవచ్చు. దాన్ని ఆటల సంఖ్య వర్గమూలంతో భాగించి, రెండుతో గుణిస్తే, నూటికి 95 సార్లు ఫలితం ఉండే హద్దు వస్తుంది. వంద ఆటలకు ఆ హద్దు నూటికి 8 అటూ ఇటూ. అంటే రెండు ప్రోగ్రాములూ సరిసమానమైనా 55-45 రావడంలో వింతేమీ లేదు. నాలుగు వందల ఆటలకు హద్దు 4కు తగ్గుతుంది. వెయ్యి ఆటలకు రెండున్నర. అప్పుడు 55 వస్తే ధైర్యంగా మాట్లాడవచ్చు. తప్పును సగం చేయాలంటే ఆటలు నాలుగింతలు ఆడించాలి.

అయితే మన కుర్రవాడి ఇరవై ఆటలకు హద్దు నూటికి 18, అంటే పదికి అటూ ఇటూ సుమారు మూడున్నర పాయింట్లు. అతనికి వచ్చింది పద్నాలుగు. హద్దు దాటింది! ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఆ తేడా అదృష్టవశాత్తూ వచ్చి ఉండకపోవచ్చు, నిజమైన తేడాయే కావచ్చు. కానీ దేనివల్ల వచ్చిందో గణాంకాలు చెప్పవు. 'గ' నోటి దగ్గర కూడు లాగేసినందువల్ల వచ్చిన తేడాను అతను 'క' తెలివిగా లెక్కేశాడు.

దీన్ని తేల్చడానికి మరో కంప్యూటరు లేకుండా కూడా ఒక ఉపాయం ఉంది. ఇది చెప్పగానే అతను లేచి కూర్చున్నాడు. పాండరింగును ఆపేయాలి. 'గ' వంతు వచ్చినప్పుడల్లా చదరంగంతో సంబంధం లేని మరేదైనా భారీ లెక్కను, ఉదాహరణకు పెద్ద ప్రధాన సంఖ్యలను వెతికే పనిని, అదే ప్రాసెసరు మీద నడిపించాలి. 'క'కు దీనివల్ల ఊహల లాభం ఏమీ ఉండదు, 'గ'కు మాత్రం సగం ప్రాసెసరే దక్కుతుంది. ఇప్పుడూ 'క'కు ఇరవైలో పద్నాలుగు దాకా వస్తే, మొదటి ఫలితంలో పాండరింగ్ వాటా ఎంతో అనుమానించక తప్పదు. ప్రయోగశాలలో మీరు దీన్నే కంట్రోల్ ప్రయోగం అంటారు.

నేను మళ్ళీ కిమ్ వెళ్ళేసరికి అతను డిగ్రీలో చేరాడు. మేనమామ దుకాణంలోని లెక్కల కంప్యూటరును రాత్రిళ్ళు అరువు తెచ్చుకుని, రెండు యంత్రాలను తీగతో కలిపి ఆటలు నడిపిస్తున్నాడు. ప్రతి ఆటలో ఎన్ని ఊహలు ఫలించాయి, వాటి కింద ఎన్ని సెకన్లు దక్కాయి అని ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాడు. కరెంటు పోయి మధ్యలో ఆగిన ఆటలను ఏం చేయాలని అడిగాడు. గెలుస్తున్న పక్షం ఏదో చూడకుండా, అన్నిటినీ ఒకే నియమంతో పక్కన పెట్టమన్నాను. వెయ్యి ఆటలకు ఇంకా చాలా దూరం ఉందని నవ్వాడు. నాయనమ్మ గుమ్మంలో కూర్చుని, రాత్రంతా ఆ రెండు పెట్టెల చప్పుడుకు తనకు నిద్ర పట్టడం లేదని నాకు ఫిర్యాదు చేసింది.